రేనాటి చరిత్ర (తొమ్మిదో భాగం): కోటకు గింజ పోసిన చేతులు

గత భాగంలో గండికోట గోడల గురించి, వాటిని ఏలిన పెమ్మసాని నాయకుల గురించి చెప్పుకున్నాం. ఆ గోడల లోపల వేల మంది బతికారు. వాళ్ల పళ్లేల్లోకి సంగటి ఎక్కడి నుంచి వచ్చింది? గుర్రాలకు ఉలవలు, సిపాయిలకు జొన్నలు, దీపాలకు ఆముదం పండించిందెవరు, కొలిచిందెవరు, కొండ మీదికి మోసిందెవరు? కోట కథ చెప్పి ఈ ప్రశ్నలు వదిలేస్తే సగం చరిత్రే చెప్పినట్టు. అందుకే ఈ భాగం జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల చుట్టుపక్కల దున్నినవాళ్లది, తవ్వినవాళ్లది, నేసినవాళ్లది, అమ్మినవాళ్లది.

నైలు వచ్చేది, పెన్న వచ్చేది కాదు

పురాతన సేద్యం అనగానే మన పాఠ్యపుస్తకాలు ముందు ఈజిప్టు పేరు చెబుతాయి. ఇథియోపియా కొండల్లో కురిసిన వానకు నైలు ఏటా ఎండాకాలం చివర పొంగేది. పొలాల మీద నిలిచి, నల్లటి ఒండ్రు వదిలి, కొన్ని నెలలకు వెనక్కి తగ్గేది. ఆ తడి మట్టిలో రైతు విత్తనం చల్లేవాడు. అందుకే వాళ్ల ఏడాదికి మూడే కాలాలు: వరద, మొలక, కోత. ఒక్కోటి నాలుగు నెలలు. నది ఎంత ఎత్తున పొంగిందో కొలవడానికి ఒడ్డున రాతిమెట్లు కట్టి గీతలు గీశారు. ఆ గీతను బట్టి పంట ఎంత వస్తుందో, పన్ను ఎంత వేయాలో అధికారులు అంచనా వేసేవాళ్లు.

పెన్న అలాంటి నది కాదు. కర్ణాటకలోని నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం మెట్టల మీదుగా వచ్చి, ఎర్రమల కొండను చీల్చుకుని గండికోట దగ్గర లోయలో పడుతుంది. దారిలో చిత్రావతి కలుస్తుంది, దిగువన కుందేరు, పాపఘ్ని కలుస్తాయి. ఇన్ని ఏర్లు కలిసినా ఏడాదిలో ఎక్కువ నెలలు కనిపించేది ఇసుకే. కడప సీమలో సగటు వాన ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు. అదీ సమంగా కురవదు. ఒక్కోసారి నాలుగు రోజుల్లో ఏరు ఒడ్లు తెంచుకుని పోతుంది, ఆ తర్వాత నెలల తరబడి చుక్క ఉండదు.

కాబట్టి ఇక్కడి రైతుకు నది వరమివ్వలేదు. నీళ్లను పట్టి నిలపాలి, లోతు నుంచి తోడాలి, పదిమందిలో పంచాలి, నీళ్లు లేని ఏడాదికి గింజ దాచాలి. రేనాటి నాగరికతను ఈ నాలుగు పనులే నిలబెట్టాయి. కోటలు, గుళ్లు, పేటలు అన్నీ వాటి మీద లేచినవే.

రాతి మీద చెక్కిన పొలం

ముద్దనూరు మండలం చింతకుంట దగ్గర ఎద్దుల ఆవుల కొండ ఉంది. ఆ గుట్ట రాళ్ల కింద ఆదిమ మానవులు గీసిన బొమ్మల్లో మూపురమున్న ఎద్దులు కనిపిస్తాయి. ఈ నేల మీద మనిషికి పశువుతో ముడిపడిన బతుకు ఎంత పాతదో చెప్పడానికి ఆ బొమ్మలు చాలు.

రాతలో దొరికిన సాక్ష్యం దగ్గరికి వస్తే, ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో చెన్నకేశవస్వామి గుడి ఆవరణలోని శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితులు నిర్ణయించారు. తెలుగులో దొరికిన తొలి శాసనంగా దానికి పేరు. అందులో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడును ఏలుతున్నట్టు ఉంది. దాదాపు అదే కాలానికి చెందిన ఎర్రగుడిపాడు శాసనం ఒక బ్రాహ్మణుడికి భూమి దానమిచ్చిన సంగతి, దానికి సాక్షులుగా నిలిచినవాళ్ల పేర్లు చెబుతుంది.

ఇక్కడ ఒక విషయం మనసుకు పట్టాలి. మన భాష రాయి మీద తొలి అడుగులు వేసిన నాటి నుంచే భూమి గురించి మాట్లాడింది. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఎవరు సాక్షి అన్న మాటలతో ఆ అడుగులు పడ్డాయి. రాజవంశాల కీర్తి గానం చేసే పెద్ద పెద్ద ప్రశస్తులు తర్వాత వచ్చాయి. రేనాటి చోళుల నాడు ఇది ‘రేనాడు ఏడువేలు’గా పేరుపొందిన సీమ. ఊళ్ల లెక్కతో ఒక దేశాన్ని పిలిచారంటే, ఆ దేశం బలం ఊళ్లలో ఉందని పాలకులకు తెలుసన్నమాట.

జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడు ఉంది. 20వ శతాబ్దం తొలినాళ్లలో పురావస్తు శాఖ అక్కడి ఇసుక దిబ్బలు తవ్వితే జైన ఆలయం బయటపడింది. రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు, అంటే నిత్యవర్షుడు, 10వ శతాబ్దంలో అక్కడ శాంతినాథుడి అభిషేకానికి పీఠం చేయించాడని శాసనం ఉంది. రాజులు, సేనాపతులు వచ్చిపోయేంత పేరున్న పుణ్యస్థలాన్ని ఏటి ఇసుక మింగేసింది. పెన్న రాకపోతే కరువు, వస్తే ఈ గతి. రెండింటి మధ్య బతకడం నేర్చినవాళ్లు రేనాటి జనం.

ముంగారు, హింగారు

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పొలాలు ఎక్కువగా నల్లరేగడి. పులివెందుల వైపు గుట్టల కింద ఎర్రనేలలు, గరపనేలలు ఎక్కువ. ఈ రెండు నేలలకు రెండు రకాల సేద్యం.

రేగడి తడిని పట్టుకుంటే వదలదు. వానలు బాగా పడి నేల లోపలి దాకా నానాక, హింగారులో, అంటే వెనక వానల కాలంలో, జొన్న, పత్తి, శనగ, ధనియాలు వేస్తే తర్వాత వాన లేకున్నా మంచు, నేలలోని తడి కలిసి పంటను గట్టెక్కిస్తాయి. ఎర్రనేల అలా కాదు. వాన పడ్డ వెంటనే విత్తాలి. ముంగారు తొలకరిలో కొర్ర, సజ్జ, ఆరిక, కంది, ఉలవ పడేవి. వేరుశనగ ఇక్కడి ఎర్రనేలల్ని ఆక్రమించింది బాగా ఆలస్యంగా, 20వ శతాబ్దంలో.

రేగడిలో కొర్ర, పత్తి కలిపి వేయడం ఈ సీమ పాత పద్ధతి. కొర్ర మూడు నెలలకు కోతకొచ్చి ఇంటికి తిండి ఇస్తుంది. పత్తి నిదానంగా ఎదిగి తర్వాత డబ్బిస్తుంది. ముందు వానలు బాగుంటే కొర్ర, వెనక వానలు బాగుంటే పత్తి, రెండూ బాగుంటే ఆ ఏడు ఇంట్లో పెళ్లి. వ్యవసాయ కళాశాలలు పుట్టకముందే రైతు తన నష్టాన్ని రెండు పంటల మధ్య పంచుకోవడం నేర్చాడు.

పనిముట్లు కూడా ఈ నేలకు తగ్గట్టే తయారయ్యాయి. మడకతో దున్నడం మొదటి మెట్టు మాత్రమే. అసలు పని గుంటకది. దాని ఇనుప పలక నేల పైపొరను కోసుకుంటూ పోయి కలుపు చంపుతుంది, నెర్రెలు మూసి లోపలి తడిని ఆవిరి కానీయదు. ఇక విత్తడానికి గొర్రు. కొయ్య పళ్ల వెనక వెదురు గొట్టాలు, పైన జడ్డిగం. ఆ జడ్డిగంలో పిడికిలి సందుల్లోంచి గింజ జారవిడిచేది చాలా ఊళ్లలో ఆడవాళ్లే. గింజలు అన్ని సాళ్లలోకి సమంగా పడాలి. ఎద్దుల నడకకు, చేతి జారుకు పొత్తు కుదరాలి. ఎకరాకు ఎన్ని గింజలు పడాలన్న లెక్క ఆ వేళ్లలో ఉండేది. ఆ నేర్పరుల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

వెయ్యి మంది కూలీలు, రెండేళ్లు

నీళ్లు నిలిపే విద్య ఎంత లోతుగా ఎదిగిందో చెప్పే రాయి ఈ జిల్లాలోనే ఉంది. పోరుమామిళ్ల చెరువు శాసనం క్రీ.శ. 1369 నాటిది. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి ఈ సీమను ఏలుతూ ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని శాసనం లెక్క చెప్పింది.

అంతకన్నా గొప్ప సంగతి, మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, చెరువును చెడగొట్టే ఆరు దోషాలను ఆ శాసనం వరసగా చెప్పడం. ధర్మం తెలిసిన, సంపద ఉన్న ప్రభువు కావాలి. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు కావాలి. గట్టి మట్టి నేల, తీపి నీళ్ల ఏరు, కట్టకు రెండు కొసలా పట్టునిచ్చే కొండలు, దగ్గర్లో పొడుగాటి రాళ్లు దొరికే గని, దిగువన చదునైన సారవంతమైన పొలాలు కావాలి. కట్టడం తెలిసిన పనివాళ్ల గుంపు కావాలి. కట్టలోంచి నీళ్లు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మెరక, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీళ్లు ఎక్కువ కావడం, ఇవీ దోషాలు.

సరిహద్దున చెరువు కట్టకూడదన్న మాట దగ్గర ఆగాలి. నీళ్ల తగువులు రాజ్యాల మధ్య ఎలా ముదురుతాయో 650 ఏళ్ల కిందటే మనవాళ్లకు అనుభవంలో ఉంది. పనివాళ్ల గుంపును అంగాల్లో ఒకటిగా లెక్కించడం ఇంకా పెద్ద మాట. రాజు డబ్బు, పండితుడి శాస్త్రం ఎంత అవసరమో, మట్టి మోసే చేతి నేర్పు అంత అవసరమని ఒప్పుకున్న శాసనమిది.

కట్టడంతోనే పని అయిపోదు. ఏటా పూడిక తీయాలి, తూము చూడాలి, గండి పడకుండా కాపలా ఉండాలి. అందుకు రాయలసీమలో దశబంధం అనే ఏర్పాటు ఉండేది. సొంత ఖర్చుతో చెరువు తవ్వించి, దాన్ని బాగుచేసుకుంటూ వచ్చే బాధ్యత తీసుకున్నవాళ్లకు ఆ చెరువు కింది భూమిలో కొంత భాగం ఇనాముగా దక్కేది. ఏ మడికి ఎప్పుడు, ఎంతసేపు నీళ్లు వదలాలో చూసేవాడు నీరుగంటి. ఎండిపోయే చెరువులో చివరి తడిని పంచే రోజు అతడి మాటకున్న బరువు అంతా ఇంతా కాదు.

కపిల బావి, మన్రో లెక్క

పులివెందుల వైపు పెద్ద చెరువులకు వీలు తక్కువ. అక్కడ బతుకు బావి మీద నడిచింది. నేల తవ్వి, రాయి కొట్టి, నాలుగు వైపులా రాతికట్టు కట్టి, ఒకవైపు వాలు బాట వేసేవాళ్లు. గట్టున గిలక, దానిమీద మోకు, మోకు కొసన తోలుతిత్తి. ఎద్దులు వాలులో కిందికి నడిస్తే నీళ్లు నిండిన తిత్తి పైకి వచ్చేది. తిత్తి కింద ఉన్న తోలు తొండాన్ని సన్నతాడు లాగి పట్టేది. పైకి రాగానే ఆ తాడు వదులై తొండం విచ్చుకుని కాలవలోకి నీళ్లు పోసేది. ఎద్దులు మళ్లీ వెనక్కి నడవాలి. తెల్లవారుజామున కట్టిన కపిల పొద్దెక్కే దాకా ఆగేది కాదు. పని అలసట తెలియకుండా కపిల పాటలు పుట్టాయి.

నైలు ఒడ్డున కూడా వరద అందని తోటలకు మనుషులే నీళ్లు తోడారు. క్రీ.పూ. 1500 తర్వాతి కాలపు ఈజిప్టు సమాధుల గోడల మీద ఏతం బొమ్మలు ఉన్నాయి. నిట్టనిలువు గుంజ, దానిమీద అడ్డంగా పొడుగాటి కర్ర, ఒక కొసన బాన, రెండో కొసన మట్టిముద్ద బరువు. మన పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ఆడిన ఏతానికీ దానికీ తేడా చాలా తక్కువ.

మన బావుల విలువ తెలిసిన తెల్లదొర ఒకడు ఉన్నాడు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. ఆ దత్త మండలాలకు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్నాడు. 1802 నుంచి ఊరూరా పైమాషు చేయించాడు. 33 అడుగుల గొలుసుతో పొలాలు కొలిచారు. మాగాణి, మెట్ట, తోట అని విడదీసి శిస్తు కట్టారు. వెళ్లిపోయే ముందు మన్రో ప్రభుత్వానికి రాసిన సిఫారసు గుర్తుంచుకోదగ్గది. శిస్తు భారం ఎక్కువగా ఉంది, అన్ని భూముల మీదా నూటికి 25 తగ్గించాలి, బావి కింది భూములకు అదనంగా మరో 8 తగ్గించాలి అన్నాడు. బావి నీళ్ల వెనక రైతు చెమట, ఎద్దు చెమట, సొంత డబ్బు ఉన్నాయి కనుక ఆ పంట మీద శిస్తు తేలిక కావాలన్న న్యాయం ఆ 8లో ఉంది.

అప్పటి ప్రభుత్వం ఆ మాట వినలేదు. ఊళ్లను మూడేళ్లకు, ఆ తర్వాత పదేళ్లకు గుత్తకు ఇచ్చింది. గుత్తదార్లూ నిలబడలేదు, రైతులూ బాగుపడలేదు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాకే తగ్గింపు అమలైంది. పన్ను కోసం వచ్చిన పరాయి ప్రభుత్వ అధికారి అతడు. అయినా రైతు కష్టాన్ని అంకెల్లో చూసి, ఆ అంకె కోసం పట్టుబట్టాడు. సీమ జనం అతణ్ణి మాండవ్య ఋషితో పోల్చి ‘మండ్రోలయ్య’ అని పిల్లలకు పేరు పెట్టుకోవడం వెనక ఈ కథ ఉంది.

కళ్లం దగ్గర పంపకం

పంట కళ్లానికి చేరిందంటే ఊరంతా కదిలేది. తొక్కించి, తూర్పారబట్టి, రాశి పోశాక గింజ రైతు ఇంటికి వెళ్లకముందే మేరలు కొలిచేవాళ్లు. మడక చెక్కిన వడ్రంగికి, కొడవలికి పదును పెట్టిన కమ్మరికి, కుండలిచ్చిన కుమ్మరికి, చాకలికి, మంగలికి, నీరుగంటికి, తలారికి ఒక్కొక్కరికి ఇంత అని లెక్క. ఆయగాళ్ల ఏర్పాటు అంటే ఇదే. డబ్బు చేతులు మారకుండా ఏడాది పొడుగునా పని జరిగేది, ఏడాదికోసారి గింజ అందేది.

ఇందులో అందం ఉంది, అన్యాయమూ ఉంది. పంట పండకపోతే మేర లేదు. రైతు గాదెలో అడుగు గింజలైనా మిగిలేవి, మేర మీద బతికే ఇంట్లో అవీ ఉండేవి కావు. కపిల తిత్తి కుట్టి, తొండం బాగుచేసి, మొత్తం తోటసేద్యాన్ని నిలబెట్టిన మాదిగల ఇళ్లు ఊరి బయటే ఉండేవి. వాళ్ల చేతి తిత్తితో తోడిన నీళ్లు అందరి పొలానికి పనికొచ్చాయి, వాళ్లకు మాత్రం ఊరి బావి దగ్గర చోటు దొరకలేదు. అప్పు తీర్చలేక ఏళ్లకేళ్లు జీతానికి ఉన్న సేద్యగాళ్లకు కళ్లంలో రాశి పోయడమే దక్కింది. ఈ మాట చెప్పకుండా ఊరి సామరస్యం గురించి రాయడం నిజాయితీ అనిపించుకోదు.

గింజే కూలిగా నడిచిన లోకం ఈజిప్టులోనూ ఉంది. రాజుల సమాధులు తొలిచి, రంగులు వేసిన పనివాళ్లు దెయిర్ ఎల్ మదీనా అనే ఊళ్లో ఉండేవాళ్లు. వాళ్ల నెల కూలి గోధుమ, బార్లీ. మూడో రామ్సెస్ ఏలుబడి 29వ ఏట, అంటే క్రీ.పూ. 1157 ప్రాంతంలో, ఆ గింజ సమయానికి రాలేదు. ఆకలిగా ఉందని చెప్పి పనివాళ్లు పని వదిలి గుళ్ల దగ్గర బైఠాయించారు. ఆ సంగతి రాసిన తాళపత్రం లాంటి పాపిరస్ ఇప్పటికీ ఇటలీలోని టూరిన్ మ్యూజియంలో ఉంది. రాతలో దొరికిన తొలి సమ్మె అదేనని చరిత్రకారులు చెబుతారు.

మన దగ్గర పనివాళ్ల మొర వినిపించిన సందర్భాల్లో విజయనగర కాలపు మంగళ్ల కథ ముఖ్యమైనది. సదాశివరాయల కాలంలో, 16వ శతాబ్దం నడుమ, అళియ రామరాయల దగ్గర కొండోజు అనే మంగలి ఉండేవాడు. అతడి పనితనానికి మెచ్చి రామరాయలు మంగళ్ల మీది పన్నులు ఎత్తేశాడని తెలుగు, కన్నడ సీమల్లో చాలా చోట్ల శాసనాలు వేయించారు. ఒక చేతివృత్తి మనిషి పేరు ఇన్ని రాళ్ల మీదికెక్కడం అరుదు. అతడు తన కులవృత్తి వాళ్లందరికీ ఊరట సంపాదించాడు.

కోట మీది బజారు

ఇప్పుడు మళ్లీ గండికోట ఎక్కుదాం. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే మచిలీపట్నం నుంచి ఇక్కడికి వచ్చాడు. తన ముత్యాలు, నగలు గోల్కొండ సుల్తానుకు అమ్మాలంటే ముందు మీర్ జుమ్లాకు చూపించాలి మరి.

టావెర్నియే రాసిన దాని ప్రకారం కోటకు ఒకే ఒక ఇరుకు దారి. కొండ మీద చిన్న మైదానం, అందులో వరి, చిరుధాన్యాలు, వాటికి ఊటనీళ్లు. ముట్టడి ఎన్నాళ్లు సాగినా లోపల కొంత పండేది. దానికి తోడు జామియా మసీదు పక్కన నేటికీ నిలిచి ఉన్న పెద్ద ధాన్యాగారం. దాని ఎత్తయిన కమాను కప్పు కింద నిలబడితే, చుట్టూ ఉన్న ఊళ్ల కళ్లాల నుంచి బండ్లలో, తట్టల్లో కదిలి వచ్చిన రాశులు ఎన్నో ఊహకు అందుతుంది. ఫిరంగుల కన్నా ముందు ఆ గది నిండాలి. ఈజిప్టులో మెకెత్రే అనే అధికారి సమాధిలో, సుమారు 4,000 ఏళ్ల కిందటి చెక్క బొమ్మల గాదె దొరికింది. అందులో గింజ మోసేవాళ్ల పక్కనే లెక్క రాసే గుమాస్తాలు కూర్చుని ఉన్నారు. గండికోట ధాన్యాగారం గుమ్మంలోనూ అలాంటి కలం ఒకటి ఆడి ఉండాలి. గింజ ఉన్న చోట కొలత, కొలత ఉన్న చోట కరణం తప్పరు.

మీర్ జుమ్లా దర్బారు తీరును టావెర్నియే కళ్లకు కట్టాడు. డేరాలో కూర్చుని, చదవాల్సిన ఉత్తరాలు కాలివేళ్ల సందుల్లో, ఎడమచేతి వేళ్ల సందుల్లో పెట్టుకుని, ఒక్కొక్కటి తీస్తూ కార్యదర్శులకు జవాబులు చెప్పేవాడట. వజ్రాల చిన్న సంచులు తెప్పించి, ఇవి మీ దేశంలో అమ్ముడుపోతాయా అని అడిగాడట. కడప సీమలో చెన్నూరు చుట్టుపక్కల వజ్రాల తవ్వకాలు చాలా పాతవి. కొండ మీద ఫిరంగులు పోత పోయడానికి ఐరోపా పనివాడొకడు ఉన్నాడని, గుళ్ల విగ్రహాల లోహాన్ని అందుకు వాడబోయారని కూడా టావెర్నియే రాశాడు. ఇలా మారుమూల కొండకోట బజారులో తెలుగు, పారసీ, ఫ్రెంచి ఒకేసారి వినిపించాయి. ఆ బజారును పోషించింది మాత్రం కొండ కింది జొన్నచేలే.

పేటలు లేచాయి

దండయాత్రల కాలం ముగిశాక కోట ఖాళీ అయింది. జనం, వ్యాపారం కిందికి దిగాయి. పెన్న ఎడమ ఒడ్డున నారాపుర వెంకటేశ్వరస్వామి గుడి చుట్టూ జమ్మలమడుగు పెరిగింది. తొగటలు, పద్మశాలీలు, దేవాంగుల మగ్గాలు ఆ చుట్టుపక్కల వాడవాడలా ఆడాయి. దిగువన ప్రొద్దుటూరు పెద్ద పేట అయింది.

19వ శతాబ్దంలో ప్రొద్దుటూరు పేరు నీలిమందుతో, పత్తితో మోగింది. నీలిచెట్టును కోసి, తొట్లలో నానబెట్టి, ఆ నీళ్లను కర్రలతో గంటల తరబడి బాదితే రంగు అడుక్కు దిగేది. దాన్ని కాచి, వడకట్టి, బిళ్లలుగా కోసి ఎండబెట్టేవాళ్లు. కడప నీలికి మద్రాసు రేవులో మంచి గిరాకీ. 1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిని బజారులోకి తెచ్చింది. కొన్నేళ్లలోనే ఇక్కడి నీలితొట్లు ఎండిపోయాయి. ఎక్కడో రైన్ నది ఒడ్డున జరిగిన రసాయన ప్రయోగం పెన్న ఒడ్డున కూలివాడి పని తీసేసింది. ప్రపంచ మార్కెట్టు అనే మాట మనం నిన్న విన్నది కాదు, మన తాతముత్తాతలు అనుభవించినది.

పత్తి కథ మరో రకం. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు ఇక్కడి రేగడి పత్తికి ధర లేచింది. ఆ కాలంలోనే మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి కర్నూలు–కడప కాలువ తవ్వింది. 1863లో మొదలైన పని 1870 ప్రాంతానికి పూర్తయింది. నీళ్లు వచ్చాయి కానీ రైతులు తీసుకోలేదు. కంపెనీ వాళ్లకు ఇది మొండితనంగా కనిపించింది. నిజానికి రేగడి జొన్నకు, పత్తికి కాలువ నీళ్లు అక్కర్లేదు. ఎక్కువైతే నేల జవుకు పడుతుంది. పైగా నీటి తీరువా కట్టాలి. నేల గుణం తెలిసిన రైతు లెక్కే నిలిచింది, లండన్‌లో వేసిన లెక్క తప్పింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనాల్సి వచ్చింది. వరి, పసుపు పెరిగిన కొద్దీ ఆ కాలువ ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు మాగాణికి ప్రాణమైంది. నీళ్లు మంచివే, అవి ఏ నేలకు, ఏ పంటకు అన్నది దున్నేవాణ్ణి అడిగి తెలుసుకోవాలి.

రైలు కూడా ఒక పాఠం చెప్పింది. మద్రాసు–రాయచూరు లైను 1871కి పూర్తయింది. అది పెన్నకు దక్షిణంగా ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా వెళ్లింది. ఉత్తరపు ఒడ్డున ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మూటలు ఏరు దాటించి బండ్లలో స్టేషనుకు చేర్చాలి. ఎర్రగుంట్ల–నంద్యాల లైను 2016లో పూర్తయ్యాకే ఈ రెండు ఊళ్లకు సొంత స్టేషన్లలో రైలు ఆగింది. ఇంత ఎడం ఉన్నా ప్రొద్దుటూరు తగ్గలేదు. 1915లో మునిసిపాలిటీ అయింది. పత్తి మిల్లులు, నూనె మిల్లులు, బట్టల అంగళ్లు, బంగారు అంగళ్లు వరసగా లేచి, రెండో బొంబాయి అని పేరు తెచ్చాయి. వాసవీ కన్యకాపరమేశ్వరి గుడి దసరా వేడుకలకు చుట్టూ ఉన్న పల్లెలు కదిలొస్తాయి. ఊరి అగస్త్యేశ్వరస్వామి గుడి పుట్టపర్తి నారాయణాచార్యుల శివతాండవానికి పుట్టిల్లు. అంగడి, గుడి, కవిత్వం ఒకే వీధిలో ఇమిడిన ఊరది.

ప్రొద్దుటూరులో బంగారం ఎందుకింత అమ్ముడైందని చాలామంది అడుగుతారు. చుట్టూ ఉన్న రైతు ఇంటి వైపు నుంచి చూస్తే కారణం తోస్తుంది. వాన నమ్మకం లేని సీమలో మంచి ఏడు వచ్చిన డబ్బును చెడ్డ ఏడుకు దాటించాలి. జొన్నను పాతరలో పోసి, గడ్డి పరచి, మట్టితో మూసి ఏళ్ల తరబడి దాచినట్టే, పత్తి డబ్బును బంగారంగా మార్చి ఆడవాళ్ల ఒంటి మీద దాచారు. కరువు వస్తే పాతర తీస్తారు, అదీ అయిపోతే గాజులు అంగడికి వెళ్తాయి. గాదె ఊరిలో, గల్లాపెట్టె పేటలో, రెండూ ఒకే భయానికి పుట్టిన జాగ్రత్తలు.

ఈ చరిత్ర ఎవరిది

చింతకుంట ఎద్దు నుంచి ప్రొద్దుటూరు బంగారు అంగడి దాకా ఒకే దారం నడిచింది. నది మీద భరోసా లేని చోట మనుషులు ఒకరి మీద ఒకరు భరోసా పెట్టుకోవాల్సి వచ్చింది. దశబంధం, నీరుగంటి, మేర, పాతర అన్నీ ఆ భరోసాకు రూపాలు. వాటిలో న్యాయం ఉన్నంతకాలం ఊరు నిలిచింది. కులం, అప్పు, శిస్తు ఆ న్యాయాన్ని తిన్నప్పుడు ఊరు కుంగింది.

ఇప్పుడు పులివెందుల తోటల్లో చీనీ, అరటి కాస్తున్నాయి. కపిల స్థానంలో మోటారు, మోటారు వెనక బోరు, బోరు లోతుకు అంతు లేదు. చిత్రావతి మీద పార్నపల్లె దగ్గర జలాశయం, పెన్న మీద మైలవరం, గండికోట జలాశయాలు లేచాయి. గండికోటలో నీళ్లు నిలపడానికి 2020లో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇళ్లు, అంగళ్లు, తరాల జ్ఞాపకాలు వదిలి ఆ జనం వెళ్లారు. పోరుమామిళ్ల శాసనం వెయ్యి మంది కూలీలను లెక్కపెట్టింది, పేర్లు రాయలేదు. మన కాలపు జలాశయాలకు ఊళ్లు ఇచ్చినవాళ్ల విషయంలో ఆ లోటు మళ్లీ జరగకూడదు. మునిగిన ప్రతి ఊరి పేరు, అక్కడి వృత్తుల వివరం, బావుల పేర్లు, పొలాల పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. పాఠశాలలు, గ్రంథాలయాలు, పంచాయతీలు ఆ పనికి పూనుకుంటే రేపటి చరిత్రకారుడికి కలమళ్ల రాయి కన్నా పెద్ద సంపద దక్కుతుంది. పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడగాలి, వాళ్లు చెప్పినప్పుడే రాయాలి.

వచ్చే భాగంలో: 1876లో మొదలైన ధాత కరువు. పాతరలు ఖాళీ అయ్యాక కడప సీమ మగ్గాలకు, మడకలకు, మనుషులకు ఏమైంది, గంజి కేంద్రాల్లో కూలి ఎంత కట్టారు, ఊళ్లు మళ్లీ ఎలా లేచాయి.